కొసరు పిచ్చుక

మొన్న మంగళవారం అమ్మను తోడుకొని ఒక ఆఫీసుకు పోయాను. ఏ ఆఫీసో రాయను, అక్కడివాళ్లను నలుగురిలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. వేలిముద్రతో మనిషిని ఖాయం చేసుకునే కేవైసీ చేయించాలన్నారు. టోకెన్ నంబరు 47. మా వంతు వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి తల ఎత్తకుండానే "వేలు పెట్టమ్మా" అన్నాడు. పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. ఇంకో వేలు. మళ్లీ ఎర్ర లైటే. తడిగుడ్డతో తుడిపించాడు, కొంగుతో ఆరబెట్టించాడు, నా బ్యాగులో ఉన్న వ్యాజ్‌లీన్ కూడా రాసి చూశాం. పది వేళ్లూ అయిపోయాయి. "పడటం లేదమ్మా, ఇంకో రోజు రాండి" అని చెప్పి, 48ని పిలిచాడు.

ప్రొద్దుటూరు బస్సులో అమ్మ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని చూశాను. ఇన్నేళ్లలో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఎర్రగుంట్ల పక్క నాపరాళ్ల ఫ్యాక్టరీలో 22 ఏళ్లు పనిచేసింది మా అమ్మ. బండలు మోసింది, కడిగింది, పాలిష్ మిషన్ కింద చేరే బూడిదరంగు బురదను చేతుల్తో ఎత్తిపోసింది. మన ఇళ్లల్లో కాలు పెడితే జారేంత నున్నగా ఉంటాయి చూడండి కడప బండలు, ఆమె వేళ్ల కొసలు అట్లా ఉన్నాయి. గీత అనేదే లేదు. బొటనవేలి పక్కన మాత్రం సన్నని పగులు, పని మానేసి నాలుగేళ్లయినా అందులో బూడిదరంగు పోలేదు. బండ నునుపు తేలిందంటే దాని మీది గరుకంతా ఎటుపోయిందని ఎవరూ అడగరు. మా అమ్మ వేళ్ల గీతలు ఎటుపోయాయని కూడా ఎవరూ అడగలేదు.

"నేను నేను కాదంటాంది పాపా ఆ మిషను" అనింది అమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ మాటకు నా గొంతు పట్టేసింది. ఆ రాత్రి నుంచి రాయాలని ఉంది, ఇవాళ కూర్చున్నాను.

ఆధార్‌కు 12 అంకెలు, రేషన్ కార్డుకు ఒక నంబరు, పాస్‌బుక్‌కు ఇంకో నంబరు. ఇవి వద్దని నేను అనను, వాటి వల్లే బియ్యం, పింఛను అందుతున్నాయి. కానీ మా అమ్మ బతుకంతా లెక్కలోనే ఉంది, ఎవరి మనసులోనూ లేదు. ఫ్యాక్టరీలో మేస్త్రి దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉండేది. బడి సెలవుల్లో అమ్మకు క్యారియర్ తీసుకుపోయినప్పుడు చూశాను. తేదీ, దాని ఎదురుగా "మగ 4, ఆడ 6". అంతే. ఆ ఆరులో ఒకటి మా అమ్మ. ఆమె రాకపోతే ఇంకొకామె వచ్చేది, అప్పుడూ "ఆడ 6" అనే ఉండేది.

నేను విశ్వాసిని. చిన్నప్పటి నుంచీ సండేస్కూల్లో పెరిగినదాన్ని. మన తలవెంట్రుకలు కూడా లెక్కపెట్టి ఉన్నాయని బైబిల్లో యేసు అన్న మాట ఎన్నిసార్లు విన్నానో, అంతగా చెవులకు అలవాటై మనసుకు తగలకుండా పోయింది. ఈసారి మాత్రం దానికి ముందున్న మాట దగ్గర ఆగిపోయాను. పిచ్చుకల మాట. మత్తయి 10వ అధ్యాయంలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకా 12లో రెండు కాసులకు అయిదు. లెక్క వేయండి. కాసుకు రెండయితే రెండు కాసులకు నాలుగే రావాలి. అయిదోది ఎక్కడిది?

కొసరు!

సంతకు పోయి కూరగాయలు కొన్న ఏ ఆడమనిషైనా ఇది విప్పి చెప్పకుండానే అర్థం చేసుకుంటుంది. ప్రొద్దుటూరు మార్కెట్లో మా అమ్మ కేజీ వంకాయలు తూకం వేయించుకున్నాక సంచి నోరు మూయదు. "కొసరెయ్యి నాయనా" అని నిలబడుతుంది. అతను పక్క కుప్పలోంచి చేతికి దొరికింది తీసి పడేస్తాడు, చూడను కూడా చూడడు. కొసరును తూకం వేయరు, రేటు కట్టరు. పుచ్చుదైనా, వంకరదైనా అడిగే హక్కు లేదు, ఊరికే వచ్చింది కదా.

అప్పట్లో కాసు అంటే రోజు కూలిలో పదహారో వంతు. సువార్తలు మొదట రాసిన గ్రీకులో అక్కడున్నది అస్సారియన్ అనే చిన్న నాణెం, పదహారు కలిపితే ఒక దేనారం. దేనారం ఒక రోజు కూలి అని ద్రాక్షతోట పనివాళ్ల కథలో మత్తయి సువార్తే చెబుతుంది. ఇవాళ ఆడకూలి నాలుగు వందలు అనుకోండి, కాసు పాతిక రూపాయలు. పాతికకు రెండు, యాభైకి అయిదు. బీదవాళ్లు తినే బీద మాంసం. అందులో అయిదోదానికి ఆ పాటి ధర కూడా లేదు. మరి యేసు ఏమన్నాడు? వాటిలో ఒకటి కూడా దేవుని యెదుట మరువబడదన్నాడు. ఒకటి కూడా అంటే కొసరుగా వేసినది కూడా. ఇరవై ఏళ్లకు పైగా చదువుతున్న మాట, ఆ రాత్రి మా వంటింటి లైటు కింద కూర్చుని ఏడుస్తూ చదివాను.

మన భాషలోనే ఇంకో మాట ఉంది, కొసరి కొసరి వడ్డించడం అని. కడుపు నిండిందన్నా వినకుండా ఇంకో ముద్ద వేసే చెయ్యి అది. సంతలో కొసరుకు విలువ లేదు, విస్తరి ముందు కొసరుకు మించిన ప్రేమ లేదు. మాట ఒకటే, వేసే చెయ్యి వేరు.

మా షాపులో నాతోపాటు పనిచేసే తమ్ముడొకడు అన్నాడు, "అక్కా, భూమి మీద 800 కోట్ల మంది. దేవుడికి మీ అమ్మ వేళ్ల సంగతి యాడ గుర్తుంటాది?" మంచి పిల్లోడే, ఎగతాళికి అనలేదు. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరిలో ఒకరి పరీక్ష తేదీ ఇంకొకరి జ్వరంలో పడి మరిచిపోతాను. ఎందుకు? నేను చిన్నదాన్ని, నా మనసు చిన్నది కాబట్టి. మరిచిపోవడం చిన్నవాళ్ల అవస్థ. అంత పెద్దవాడు కాబట్టి గుర్తుండదు అనడం నాకు తలకిందుల మాటలా ఉంది. అంత పెద్దవాడు కాబట్టే గుర్తుంటుంది.

అయినా మన సీమలో ఎవరు దేవుణ్ణి అంత దూరంగా ఉంచారని? ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లిం కుటుంబాలు పోతాయి, బీబీ నాంచారి మా ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అని టెంకాయ కొడతాయి. అహోబిలం నరసింహస్వామి సంక్రాంతి మరునాటి నుంచి నలభై రోజులకు పైగా పల్లకీలో ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, నా పెళ్లికి రండి అని తానే పిలుస్తాడని అక్కడివాళ్ల నమ్మకం. నా విశ్వాసం వేరు. కానీ దేవుడు నన్ను ఎరుగును, నా గడప దాకా వస్తాడు అనే ఆకలి మన అందరిదీ. ఆ తమ్ముడిది కూడా. నరసింహస్వామి అట్లా ఊళ్లు తిరిగే పారువేటకు వాళ్ల జేజి ఏటా పోతుంది మరి.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. మత్తయిలోని పిచ్చుకల మాట నేను చాలా ఏళ్లు చదవలేకపోయాను. "మీ తండ్రి సెలవులేక వాటిలో ఒకటైనను నేలను పడదు" అని ఉంటుంది మన తెలుగు బైబిల్లో. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన పోయాడు. జ్వరమనుకున్నాం, కామెర్లు ముదిరిపోయాయి. మూడు రోజులు. ఆ తర్వాత ఎవరు ఆ వచనం చదివినా నాకు "సెలవు" అనే ఒక్క మాటే వినపడేది. అంటే సెలవిచ్చాడన్నమాట. మా నాయన పడిపోవడానికి సంతకం పెట్టి పంపాడన్నమాట. ఆ కోపంతో రెండేళ్లు గుడికి పోలేదు, అమ్మ ఒక్కమాట అనలేదు.

చాలా కాలం తర్వాత మా సంఘం పాస్టరయ్యగారిని అడిగాను. ఆయన లేచి పోయి లోపలి నుంచి లావుపాటి పుస్తకమొకటి తెచ్చి, గ్రీకు మాటల మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడ సెలవు అనే మాట లేదమ్మా, "మీ తండ్రి లేకుండా" అని మాత్రమే ఉంది అన్నాడు. అర్థం తెలియడానికి అనువాదంలో ఆ మాట వేశారట. మీ తండ్రి లేకుండా ఒక్క పిచ్చుకా నేల పడదు. అంటే పడుతుంది. పడదని ఆయన ఎక్కడా మాట ఇవ్వలేదు. కానీ ఒంటరిగా పడదు. ఆసుపత్రి వరండాలో నాయన పక్కన చాప మీద అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురమే ఉన్నామని అనుకున్నాను అన్నేళ్లూ. ముగ్గురమే కాదు. నాకు ఇది పుస్తకంలో దొరికిన వివరం కాదు, ఊపిరి ఆడటం.

దేవుడు నన్ను ఎరుగును అంటే నాకు కష్టం రాదని కాదు, నా అప్పు తీరుతుందని కాదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దీన్నే అమ్ముకుంటున్నవాళ్లు ఉన్నారు. ఒక పెద్ద కూడికకు పోయాం రెండేళ్ల కింద. ముందు వరుసలో సోఫాలు, కానుక ఎక్కువ వేసినవాళ్లకు. వాళ్ల పేర్లు మైకులో చదివి మరీ ప్రార్థన. వెనక వేల మంది మట్టిలో కూర్చున్నారు, మా అమ్మ లాంటివాళ్లు, పేరు లేకుండా. అక్కడ కూడా "ఆడ 6"యేనా? బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి నా పాదాల దగ్గర చోటు అని చూపేవాళ్లను యాకోబు పత్రిక 2వ అధ్యాయం నిలదీసి అడుగుతుంది. అది చదివినవాళ్లే ఆ సోఫాలు వేయించారు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా అనుకోవడం లేదు.

ఆదికాండం 16లో హాగరు కథ చూడండి. ఐగుప్తు నుంచి వచ్చిన పనిమనిషి. యజమానురాలు శారయి ఆమెను "నా దాసి" అంటుంది, శారయి భర్త అబ్రాము "నీ దాసి" అంటాడు. ఆ ఇద్దరి నోటా ఆమె పేరు ఒక్కసారి కూడా రాదు. కడుపుతో ఉన్న మనిషి, బాధలు పడలేక ఎడారిలోకి పారిపోయి నీళ్ల బుగ్గ దగ్గర కూలబడితే, అక్కడ దూత "హాగరూ" అని పిలుస్తాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడుగుతాడు. మన ఊళ్లల్లో బాట మీద కనపడినవాళ్లను అడిగే మాటే అది. అప్పుడామె దేవుడికి ఒక పేరు పెడుతుంది, చూచుచున్న దేవుడవు నీవే అని. పేరు లేకుండా బతికిన మనిషి దేవుడికి పేరు పెట్టింది.

మా అవ్వ చెప్పేది. అమ్మను కన్నది జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనంట, ఊళ్లో అందరూ కాంబెల్ ఆసుపత్రి అంటారు. చీటీ రాసే నర్సమ్మ "నీ పేరేందమ్మా" అని అడిగితే మా అవ్వ మా తాత పేరు చెప్పిందంట. "ఆయన పేరు కాదు, నీది" అంటే చాలాసేపు నోరు పెగల్లేదంట. ఆ చీటీని మా అవ్వ తాను చనిపోయేదాకా ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఏం రాసుందో చదవడం రాదు ఆమెకు.

శుక్రవారం మళ్లీ పోయాం ఆఫీసుకు. ఈసారి ముఖం ఫోటో తీసి చేశారు, పని అయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా అరచేతుల మీదనే నిన్ను చెక్కుకున్నాను అని యెషయా 49లో దేవుడంటాడు. రాసుకున్నాను అనలేదు, చెక్కుకున్నాను అన్నాడు. రాతి పని చేసినవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, చెక్కడమంటే ఎంత నొప్పో నాకు తెలుసు. ఉలి దెబ్బ తినకుండా ఏదీ నిలవదు.

పక్క మంచం మీద అమ్మ ప్రార్థన చేసుకుంటోంది. ఆమెకు ఒక అలవాటు. బొటనవేలిని మిగతా వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా పెడుతూ, ఒక్కో కణుపుకు ఒకరి పేరు చెబుతుంది. నా పేరు, పిల్లల పేర్లు, తమ్ముడు, ఎదురింటి ముసలాయన, ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన ఆడవాళ్లందరూ. మధ్యలో నేనెప్పుడూ వినని ఒక పేరు వచ్చింది.

"ఎవరమ్మా అది?"

"కంప్యూటర్ కాడ కూచున్నాడు కదా, ఆ పిల్లోడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేదేమో పాపం."

"పేరెట్ల తెలుసు నీకు?"

"అడిగినా" అని మళ్లీ కళ్లు మూసుకుంది. బొటనవేలు తర్వాతి కణుపు మీదికి పోయింది.