వాగ్దాన కార్డు గారికి వందనములతో

శ్రీ వాగ్దాన కార్డు గారికి,

ప్రభువు నామమున వందనములు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోనే ఒక సహోదరుడి ఇంటికి వెళ్ళాను. "ఈస్టర్ లోపు ఇచ్చేస్తాను బ్రదర్" అని చేబదులు తీసుకున్న మనిషి. స్నానానికి వెళ్ళారన్నారు. తర్వాత ప్రార్థనలో ఉన్నారన్నారు. ఆ తర్వాత పడుకున్నారన్నారు. మధ్యాహ్నమంతా ఆ హాల్లో నాకు తోడు మీరే. ఎదురుగోడ మీద, లామినేషన్ లోపల, బంగారు రంగు అక్షరాల్లో: "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు." డిసెంబరు 31 రాత్రి మందిరంలో బుట్టలోంచి కార్డు తీస్తే, ఈ ఏడాదికి ఆ ఇంటికి వచ్చిన బైబిలు వాగ్దానమట. సాయంత్రానికి ఆయన లేచి, "మీరూ ప్రార్థన చేయండి బ్రదర్, దేవుడు ద్వారాలు తెరుస్తాడు" అంటూ నాకు గేటు తెరిచారు.

మిమ్మల్ని అబద్ధీకుడని ఎలా అంటాను? వచనం నెరవేరింది. కాకపోతే నా విషయంలో నెరవేరింది.

ఒక్క సందేహం మాత్రం తీర్చండి. అది ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం కదా. మొదటి వచనంలోనే దేవుడు షరతు పెట్టాడు: నా మాట శ్రద్ధగా విని, నా ఆజ్ఞలన్నిటి ప్రకారం నడుచుకుంటేనే ఇవన్నీ అని. మీ మీద గులాబీలకు చోటుంది, జలపాతానికి చోటుంది, పాస్టర్ గారికీ అమ్మగారికీ, మూడు ఫోన్ నంబర్లకూ చోటుంది. ఆ షరతుకే లేకపోయిందా? "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్నదీ అంతే. దాని పక్కనే ఉన్న "గైకొనినయెడల" ఏ కత్తెరకు బలైందో! 68 వచనాల అధ్యాయంలో దీవెనలు 14తో సరి. మాట వినకపోతే ఏమవుతుందో 15 నుంచి చివరిదాకా చెప్పాడు. 44లో అయితే పరదేశి నీకు అప్పిస్తాడు, అతడే తల, నువ్వే తోక అని ఉంది. ఆ తోక కార్డు ఎవరికైనా వచ్చిందా అని అడిగి చూశాను. నన్నే వింతగా చూశారు.

నా ఉద్దేశాలు మీకు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే యిర్మీయా 29:11 గురించి ఎక్కువ మాట్లాడను, వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. ఆ మాట బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్ళకు రాసిన ఉత్తరంలోది. పై వచనంలో డెబ్బై ఏళ్ళు ఆగమన్నాడు. కింద 13లో, పూర్ణమనస్సుతో వెదికితే నేను దొరుకుతానన్నాడు. మీరు సరిగ్గా మధ్యలో దిగి, మధ్యలోనే ఎక్కేశారు.

37వ కీర్తన సంగతి? "నీ హృదయవాంఛలను తీర్చును" అనే నాలుగో వచనం మా వీధిలో ప్రతి ఇంటి ఫ్రిజ్ మీదా ఉంది. అప్పుచేసి తీర్చనివాడు భక్తిహీనుడని అదే కీర్తన 21వ వచనం అంటోంది. దాన్ని అచ్చువేయడానికి సిరా కరువైందా?

మీ దూరపు చుట్టాలు జర్మనీలో హెర్న్‌హుట్ అనే ఊళ్ళో ఉన్నారు. అక్కడి మొరేవియన్ సహోదరులనే క్రైస్తవ సంఘంవాళ్ళు 1731 నుంచి ఏడాదికి సరిపడా, రోజుకో వచనం చొప్పున అచ్చువేస్తున్నారు. 1732లో ఆ ఊరి నుంచే ఇద్దరు, బానిసలకు సువార్త చెప్పడానికి ఓడెక్కి కరీబియన్ దీవికి పోయారు. మనవాళ్ళు వచనం తీసుకుని ఫోన్ కవర్లో పెట్టుకుంటారు. నచ్చకపోతే బుట్టలో వేసి ఇంకోటి తీస్తారు, అదీ కళ్ళు మూసుకుని, భక్తిగా!

ఇక మర్యాద చాలు. "నీ పూర్ణహృదయముతోను నీ పూర్ణాత్మతోను నీ పూర్ణశక్తితోను నీ దేవుడైన యెహోవాను ప్రేమింపవలెను" అని చెప్పి, దేవుడు ద్వారబంధాల మీద రాసుకోమన్నది ఆ మాటల్ని. మనం ద్వారబంధాల మీద రాసుకున్నది మనకు రావాల్సిన బాకీల పట్టీ. దేవుడు మనకేం ఇస్తాడో ఏటా లాటరీ తీసినట్టు తీస్తాం, మనమేం చెయ్యాలన్నాడో చదివే ఓపిక లేదు. యేసు ప్రభువు కూడా నన్ను ప్రేమిస్తే నా ఆజ్ఞలు పాటిస్తారు అన్నాడు, నన్ను ప్రేమిస్తే స్టేటస్ పెట్టుకుంటారు అనలేదు. ప్రేమించడం తప్ప ఎవరికీ ఏమీ బాకీ ఉండొద్దని పౌలు రోమీయులకు రాశాడు. మా సహోదరుడు రెండూ బాకీ పడ్డాడు. మందిరంలో చేతులెత్తి పాడేటప్పుడు ఆ గొంతు వినాలి మీరు, స్పీకర్లే అక్కర్లేదు!

నిజం చెప్పాలంటే, మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు దిండు కింద ఉన్నదీ మీలో ఒకరే. అందుకే మిమ్మల్ని మానేయమనడం లేదు. డిసెంబరు 31 రాత్రి బుట్టలో 37వ కీర్తనలోని ఆ 21వ వచనం కార్డు ఒక్కటి కలపమని పాస్టర్ గారికి చెప్పండి. గులాబీలతోనే వేయించండి, బంగారు అక్షరాలే పెట్టించండి. అది ఎవరి చేతికి వస్తే వాళ్ళది. మళ్ళీ తీయనివ్వకండి. నాకొచ్చినా సరే.

ఇట్లు,
మీ సహోదరుడు