చెవులు మూసుకుని సముద్రంలోకి దిగకండి

నిన్న రాత్రి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పోయిన ఆదివారం క్లియర్‌వాటర్ బీచ్‌లో వాళ్ళావిడ పెళ్ళి ఉంగరం నీళ్ళలో జారిపోయిందట. ఆన్‌లైన్‌లో మెటల్ డిటెక్టర్ (కింద లోహం ఉంటే శబ్దం చేసే మెషిన్) ఆర్డర్ చేశాడు, శనివారం ఒక్కడే వెళ్ళి వెతుకుతాడట. "ఈత వచ్చా?" అని అడిగాను. "నడుము లోతే కదన్నా" అన్నాడు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఆ తమ్ముడికి చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నా. ఫ్లోరిడాలోనే కాదు, అమెరికాలో ఎక్కడున్నా మన తెలుగువాళ్ళలో డిటెక్టర్‌తో నీళ్ళలో వెతికే సరదా ఉన్నవాళ్ళు కొంచెం ఓపిక చేసుకుని చదవండి.

నేను టాంపా వచ్చి తొమ్మిదేళ్ళు. అందులో ఆరేళ్ళుగా నీళ్ళలో డిటెక్టర్ పట్టుకుని తిరుగుతున్నాను. "నడుము లోతు" అనేది ఒక కొలత అని నేనూ నమ్మేవాణ్ణి. మూడేళ్ళ క్రితం జూన్‌లో ఒక పొద్దున ఆ నమ్మకం పోయింది. ఇక్కడి తీరంలో చాలాచోట్ల ఒడ్డుకి కాస్త దూరంలో ఇసుక తిన్నె ఉంటుంది, ఒడ్డుకీ తిన్నెకీ మధ్య పల్లం ఉంటుంది. సముద్రం పాటు మీద, అంటే నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు ఆ పల్లం దాటి తిన్నె మీదకి వెళ్ళాను. దాటేటప్పుడు నీళ్ళు నడుము దాకా వచ్చాయి. తిన్నె మీదైతే మోకాళ్ళ లోతే. డిటెక్టర్ శబ్దం వినడానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తల దించుకుని, ఒక సిగ్నల్ తర్వాత ఇంకో సిగ్నల్ తవ్వుకుంటూ పోయాను. సీసా మూతలు, కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు, రెండు మూడు క్వార్టర్ నాణేలు. తల ఎత్తి చూసేసరికి రెండు గంటలు దాటింది, పోటు వచ్చేసింది.

ఈ వైపు సముద్రంలో పోటుకీ పాటుకీ తేడా మీటరు కూడా ఉండదు. అందుకే లెక్కలోకి తీసుకోలేదు. కానీ నా ఎత్తు అయిదున్నర అడుగులు. నడుము లోతు పల్లం మీద ఇంకో రెండున్నర అడుగుల నీళ్ళు చేరితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. పైగా అలలకి కాళ్ళు నిలవాలని నడుముకి సీసం బెల్టు పెట్టుకున్నాను. ఇసుక తీసే స్టీలు స్కూప్‌ని ఒక తాడుతో అదే నడుముకి కట్టుకున్నాను. డిటెక్టర్ మోచేతికి పట్టీతో బిగించి ఉంది. పల్లంలో నాలుగో అడుగుకి కింద నేల దొరకలేదు. స్కూప్ కిందకి లాగుతోంది, బెల్టు బకిల్ తడి చేతికి దొరకడం లేదు, డిటెక్టర్ ఉన్న చెయ్యి ఈతకి పనికిరావడం లేదు. ఒడ్డున మా ఆవిడ పావుగంట నుంచి "ఏవండీ, వెనక్కి వచ్చేయండి" అని అరుస్తూనే ఉందట. నాకు ఒక్క ముక్క వినపడలేదు. కయాక్ అనే చిన్న పడవలో చేపలు పట్టుకుంటున్న ఒక పెద్దాయన చూసి దాన్ని దగ్గరికి తెచ్చాడు కాబట్టి ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

ఆ రోజు తర్వాత నెలల తరబడి ఆలోచించాను. నాకు తట్టింది ఒకటే. నీళ్ళలో ప్రమాదం వస్తోందని ముందుగా చెప్పేవి మన కళ్ళూ చెవులూ. ఈ పనిలో ఆ రెండింటినీ మనమే కట్టేసుకుంటాం. కళ్ళు ఇసుక మీద ఉంటాయి. చెవులు హెడ్‌ఫోన్స్‌లో ఉంటాయి. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి మామూలు రకం డిటెక్టర్లు ఊరికే చిటపటమంటాయి, ఆ గోలలో చిన్న సిగ్నల్ పట్టుకోవాలని సౌండు ఇంకా పెంచుతాం. లైఫ్‌గార్డ్ ఈల, పక్కవాళ్ళ కేక, ఉరుము, ఏదీ లోపలికి రాదు. ఇంతగా ఒళ్ళు మరిచి చేసే పనిని నీళ్ళలో ఒంటరిగా చేయడం ఎంత తప్పో, ఎవరైనా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి చెబుతున్నారా? నేను చూసిన వీడియోల్లో చాలావాటిలో చివర్లో మెరిసే ఉంగరం చూపిస్తారు. దిగేముందు ఆ మనిషి పోటు టైము చూసుకున్నాడా, ఒడ్డున ఎవరున్నారు, ఎప్పుడు బయటికి వచ్చాడు అనేది మాత్రం చూపించరు. నాకు నిజంగా కోపం వచ్చేది దీనికే.

డిటెక్టర్ల అట్టపెట్టె మీద "3 మీటర్ల వరకు వాటర్‌ప్రూఫ్" అని ఉంటుంది. అది ఆ మెషిన్ సంగతి. దాన్ని పట్టుకున్న మనిషికి ఛాతీ దాటితే చాలు, అల వచ్చినప్పుడల్లా కాళ్ళు నేల వదిలేస్తాయి. నేను ఇప్పుడు బొడ్డు దాటి వెళ్ళను. ఎంత మంచి సిగ్నల్ వచ్చినా వెళ్ళను. ఈ హద్దు ఒడ్డున ఉన్నప్పుడే పెట్టుకోవాలి. చెవిలో సిగ్నల్ మోగుతుంటే ఎవరికీ బుద్ధి పనిచేయదు.

మాది రాజమండ్రి. చిన్నప్పుడు రేవులో అయస్కాంతానికి తాడు కట్టి గోదాట్లో వేసి చిల్లర పట్టేవాళ్ళని గంటలు గంటలు చూసేవాణ్ణి. స్టెయిన్‌లెస్ స్టీలు నాణేలు వచ్చాక వాళ్ళ పని సులువైంది, అవి అయస్కాంతానికి అంటుకుంటాయి కదా. మా వీధిలో ఒక పడవ తాత ఉండేవాడు. ఎన్నేళ్ళుగా తెలిసిన రేవైనా ముందు గెడ వేసి లోతు చూడనిదే పడవలోంచి కాలు దించేవాడు కాదు. "నిన్నటి లోతు ఇవాళ ఉండదురా" అనేవాడు. కయాక్ పెద్దాయన నన్ను ఒడ్డున దింపిన రోజు ఆ తాతే గుర్తొచ్చాడు. ఇప్పుడు నా స్కూప్ కర్రే నాకు గెడ. అడుగు వేసేముందు కర్ర వేస్తాను. కర్ర దిగిపోతే వెనక్కి తిరుగుతాను.

స్కూప్‌ని ఒంటికి కట్టుకోవడం మానేశాను. అది చిన్న తేలే ట్యూబుకి కట్టి ఉంటుంది, చెయ్యి వదిలితే నా నుంచి విడిపోతుంది. సీసం బెల్టు పెట్టుకోను. దాని బదులు తాడు లాగితే గాలి నిండే నడుము పట్టీ లైఫ్‌జాకెట్ కట్టుకుంటాను. హెడ్‌ఫోన్స్ ఒక చెవికే. వాచీలో ఇరవై నిమిషాలకి ఒకసారి అలారం. అది మోగితే సిగ్నల్ సగంలో ఉన్నా సరే తల ఎత్తి ఒడ్డుని, ఆకాశాన్ని, నీళ్ళని చూస్తాను.

ఆకాశం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ మధ్యాహ్నం దాటితే ఉరుములు మామూలు. ఉరుము వినపడిందంటే పిడుగు పడేంత దగ్గరలోనే ఉన్నామని అర్థం. వెంటనే నీళ్ళలోంచి బయటికొచ్చి కారులోకో బిల్డింగ్‌లోకో వెళ్ళాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

రిప్ కరెంట్ గురించి కూడా ఒక మాట. తీరం నుంచి లోపలికి లాగే ఈ ప్రవాహం ఒక్కోసారి సెకనుకి 8 అడుగుల వేగం అందుకుంటుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. చేతిలో ఉన్నవన్నీ వదిలేసి, ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడాలి. వెయ్యి డాలర్ల మెషిన్ వదలడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. వదిలేయండి. బీచ్‌లో ఎర్ర జెండా ఉంటే, అంటే సముద్రం ప్రమాదకరంగా ఉంటే, డిటెక్టర్ కారులోనే ఉండనివ్వండి. రెండు ఎర్ర జెండాలుంటే నీళ్ళలోకి ఎవరూ వెళ్ళకూడదు. జాన్స్ పాస్ లాంటి చోట్ల, అంటే లోపలి బే నీళ్ళు సముద్రంలో కలిసే ఇరుకు దారుల దగ్గర, జెండా ఏ రంగులో ఉన్నా నేను నీళ్ళలో దిగను. పాటు మొదలైతే అక్కడ నీళ్ళు ఏరులా పరిగెడతాయి.

ఇక స్టింగ్‌రేలు, అంటే ఇసుకలో దాక్కునే, తోకలో ముల్లున్న చేపలు. కాళ్ళు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే అవి పక్కకి తప్పుకుంటాయి. చేపల గాలాలు, గాజు పెంకులు ఉంటాయి కాబట్టి మందపాటి అడుగున్న బూట్లు, చేతికి గ్లోవ్స్ తప్పనిసరి. ఒంటి మీద మానని గాయం ఉంటే మాత్రం వేసవిలో ఈ నీళ్ళ జోలికి వెళ్ళొద్దు. విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా గోరువెచ్చటి ఉప్పునీటిలో ఉంటుంది, సోకినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరు చనిపోతారు. 2022లో ఇయన్ తుఫాను తర్వాత ఈ రాష్ట్రంలో ఆ కేసులు పెరిగాయి. తుఫాను తర్వాత ఇసుక కదిలి పాత వస్తువులు పైకొస్తాయని పరిగెత్తేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి మరీ ప్రమాదం.

ఉంగరం పోగొట్టుకున్నవాళ్ళ బాధ నాకు తెలుసు. ఒడ్డున ఆవిడ ఏడుస్తూ ఉంటుంది, "ఇంకో నాలుగడుగులు లోపలికి వెళ్ళి చూడవా అన్నా" అని భర్త అడుగుతాడు. కాదనడం చాలా కష్టం. ఆ నాలుగడుగులు నేనూ వేశాను ఒకప్పుడు. కానీ బంగారం నీటికంటే ఎన్నో రెట్లు బరువు. జారిపడిన చోటే ఇసుకలోకి దిగుతుంది, తుప్పు పట్టదు, తేలికగా ఎక్కడికీ కొట్టుకుపోదు. పొద్దున దొరకనిది సాయంత్రం పాటుకి దొరకవచ్చు, వచ్చే వారం దొరకవచ్చు. నాకు ఒక చేతి గాజు పదకొండు రోజుల తర్వాత దొరికింది. దీంట్లో తొందరపడాల్సింది ఏమీ లేదు.

కాబట్టి వస్తువు జారిందని తెలియగానే మీరు మునిగి వెతకొద్దు. నిలబడిన చోటునుంచి ఒడ్డు మీద రెండు గుర్తులు ఫొటో తీసుకోండి, ఏ టవర్‌కి ఎదురుగా, ఏ గొడుగుకి ఎడమగా అని. టైము రాసుకోండి, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో రాసుకోండి. ఆ వివరాలు నాకు మెసేజ్ పెట్టండి, టాంపా చుట్టుపక్కల ఎక్కడైనా వస్తాను, డబ్బులేమీ వద్దు. శనివారం ఆ తమ్ముడితో నేనే వెళ్తున్నాను. పొద్దున 7:40కి పాటు. వాళ్ళావిడ ఈలతో ఒడ్డున నిలబడుతుంది, ఫోన్ బ్యాగులోనే ఉంటుందని మాటిచ్చింది. 9 గంటలకి, ఉంగరం దొరికినా దొరకకపోయినా, ఇద్దరం బయటికి వచ్చేస్తాం.