ఉపన్యాసాలు వద్దు

మా పెదనాన్న ఎవరి మాటా వినే రకం కాదు. తన మాట మాత్రం అందరూ వినాలని వీలునామా రాసి, కవరులో కవరు, ఆ కవరులో ఇంకో కవరు పెట్టి అతికించి, బ్యాంకు లాకరులో దాచారు. లాకరు తాళం ఎక్కడుందో కూడా జాగ్రత్తగా రాసిపెట్టారు. ఆ వీలునామాలోనే.

తాళం దొరికేసరికి ఆయన పోయి ఇరవై రెండు రోజులైంది. అందరం కూర్చున్నాక అన్నయ్య గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. ఆస్తుల సంగతి రెండు పేజీలు. ఎవరూ కిక్కురుమనలేదు. మూడో పేజీలో, కింద గీత గీసి మరీ ఉంది: "నా సంతాపసభలో ఉపన్యాసాలు వద్దు. ముఖ్యంగా మా బావమరిది చేతికి మైకు ఇవ్వొద్దు."

మామయ్య వైపు చూడకుండా ఉండటానికి చాలా అవస్థ పడ్డాం. ఆ సభలో ఆయన గంటా నలభై నిమిషాలు మాట్లాడారు. పెదనాన్న గురించి పది నిమిషాలు, పెదనాన్న ఎదుగుదలలో తన పాత్ర గురించి మిగతాదంతా. మధ్యలో కరెంటు పోతే హమ్మయ్య అనుకున్నాం, ఆయన గొంతు పెంచారు.

ఇప్పుడు ఆ వాక్యం విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా, బావ చివరిదాకా నన్నే తలుచుకున్నాడు."

దాని కిందే ఇంకో ముక్క ఉంది: "నా కళ్లు దానం చేయండి." అన్నయ్య అక్కడ ఆగిపోయాడు. కళ్లు సాధారణంగా ప్రాణం పోయిన ఆరు గంటల్లోపే తీసుకోవాలి. ఆ మాట ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నా, అన్నం తింటూ పెద్దమ్మతో ఒక్కసారి అన్నా సరిపోయేది. వీలునామా మామూలుగా అంతా అయిపోయాక, తీరిగ్గా తెరిచే కాయితం. చివరి కోరికలు అందులో పెట్టి తాళం వేస్తే ఎవరికి వినిపిస్తాయి?

ఆ రాత్రే నా వీలునామాకి కూర్చున్నాను. ఆస్తి నాలుగు లైన్లలో అయిపోయింది. ఐదో లైను అప్పులది. మిగిలింది నా కవితలు. ఇక్కడ కాస్త తెలివి చూపించాను. 1924లో పోయిన రచయిత కాఫ్కా, తన రాతప్రతులన్నీ తగలబెట్టమని స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌కి చీటీ రాసిపెట్టాడు. బ్రాడ్ మాట వినకుండా అచ్చేయించాడు. కాఫ్కా ప్రపంచమంతా తెలిసిపోయాడు. నేనూ అదే ఆశతో "నా కవితలన్నీ తగలబెట్టండి" అని రాసి మా ఆవిడకి చూపించాను.

"దానికి అంతదాకా ఆగడం ఎందుకండీ?" అంది.

ఆ తర్వాత సాక్షుల టెన్షన్. ఇద్దరు కావాలి. చాలాచోట్ల, ఆస్తిలో వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్ల వాటాకే ఎసరు. అందుకని పక్కింటాయనని అడిగాను. ఆయన సంతోషంగా పెన్ను తీసి, ఈ నిబంధన వినగానే మళ్లీ మూత పెట్టేశారు. "అంటే నాకేమీ రాయలేదన్నమాట." పదేళ్ల పరిచయం అప్పటి నుంచి నమస్కారం దగ్గరే ఆగింది.

వీలునామా సంగతి తర్వాత చూసుకోవచ్చని, పెదనాన్న చేసిన పొరపాటు మాత్రం చేయకూడదని, కోరికలు వేరే కాయితం మీద పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఒకటి, కళ్లు దానం చేయాలి. రెండు, ఉపన్యాసాలు వద్దు. మర్నాడు ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చినతను అది రెండుసార్లు చదివి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, డబ్బులు ముందే ఇమ్మన్నాడు.

సాయంత్రం మామయ్య వచ్చారు. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, సీసా చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. నాకు చెమటలు పట్టాయి.

"బాగా రాశావురా," అన్నారు వెనక్కి తిరిగి. "నువ్వు పోయాక మాట్లాడకూడదు. అంతేగా?"

"అంతే మామయ్యా."

ఆయన నీళ్లు తాగి, కుర్చీ నా ఎదురుగా లాక్కుని, గొంతు సవరించుకున్నారు.

"నువ్వు పుట్టిన రోజు నుంచి మొదలుపెడతాను."