సవరణ: డ్రోన్ బ్యాటరీలను సగం ఛార్జితోనే దాచాలి

వానాకాలం వరి పని ముగిశాక మందు కొట్టే డ్రోన్ బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి దాచాలన్న ముందటి పోస్టులోని వాక్యాన్ని ఇలా మార్చి చదవండి: డ్రోన్‌లోని లిథియం పాలిమర్ బ్యాటరీని సుమారు సగం ఛార్జిలో, ఒక్కో సెల్‌కు (బ్యాటరీ ప్యాకులో కలిపి ఉండే విడి భాగానికి) 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. పన్నెండు సెల్‌ల ప్యాకుకైతే 45.6 వోల్టులు. సెల్‌కు 4.2 వోల్టుల నిండు ఛార్జితో వారాల తరబడి వదిలేస్తే లోపల వాయువు పుట్టి ప్యాకు పక్కలు ఉబ్బుతాయి. పూర్తిగా ఖాళీ చేసి పెట్టడమూ చేటే.

ఆ పోస్టులోనే బ్యాటరీకి చలి తగలకుండా చూడాలంటూ రాసిన జాగ్రత్తలతో మిర్యాలగూడ, దేవరకొండ రైతులకు పెద్దగా పని లేదు; మన చలికాలం బ్యాటరీకి మేలే చేస్తుంది. భయమల్లా మధ్యాహ్నం కాగే రేకుల షెడ్డుతోనే. డ్రోన్ నుంచి విప్పి, గడ్డికీ డీజిల్‌కూ దూరంగా పొడి గదిలో పెట్టండి. నెలకోసారి వోల్టేజీ చూడండి. ఉబ్బిన ప్యాకును మాత్రం మళ్లీ ఛార్జరుకు తగిలించవద్దు.