చెయ్యెత్తితే పాట పాడినట్టే

కాలు విరిగినవాడికున్న పరపతి భుజం పట్టేసినవాడికి ఉండదు. కాలికైతే తెల్లటి కట్టు వేస్తారు, చేతికి కర్ర ఇస్తారు, ఆర్టీసీ బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. భుజానికి ఏమీ ఉండదు. చొక్కా తొడుక్కుంటే మామూలు మనిషే. (తొడుక్కోవడానికి పావుగంట పడుతుందన్న సంగతి ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలుసు.) మద్దిలపాలెంలో బస్సెక్కి పై రాడ్డు పట్టుకోలేక సీటు అంచు పట్టుకుంటే, అందులో కూర్చున్న పెద్దావిడ "ఏటి బాబూ, మీద మీద పడిపోతన్నావు" అంటుంది. పోనీ ఎక్స్‌రే చూపిద్దామా అంటే అందులోనూ ఏమీ కనబడదు. ఎముక నిక్షేపంగా ఉంది. దాన్ని పట్టుకున్న కండరమే చెడింది.

చెడింది గాజువాక ఆటోనగర్‌లో. గేరుబాక్సుని పై ర్యాకులోకి నెడుతుంటే కుడి భుజం కలుక్కుమంది. "రేపటికి సర్దుకుంటుందిలే" అన్నాడు సూపర్‌వైజరు. ఆయన చెప్పిన రేపు ఉగాదికి రాలేదు, వినాయకచవితికి రాలేదు, దసరా వెళ్ళినా రాలేదు.

ఈఎస్ఐ లెక్క ప్రకారం పనిలో దెబ్బ తగిలి లీవు పెడితే రోజు వేతనంలో 90 శాతం వస్తుంది. మామూలు జబ్బయితే 70 శాతం. అంటే నా భుజం షెడ్డులో పోయిందా, ఇంట్లో పోయిందా అన్నది 20 శాతం ప్రశ్న. ప్రమాదాల రిజిస్టర్లో రాయండి సార్ అంటే, సూపర్‌వైజరు నన్ను ఎగాదిగా చూసి, "రాత్రి ఎటు తిరిగి పడుకున్నావేటి?" అన్నాడు.

ఇక సలహాలు. మా అత్తగారు వావిలాకు కాపడం అన్నారు. పక్కింటాయన పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోమన్నాడు. రాష్ట్రానికి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలి, పైగా అది విరిగిన ఎముకలకి కదండీ అంటే, "నమ్మకం ఉండాలి" అని లోపలికి వెళ్ళిపోయాడు. మా ఆవిడ సింహాచలం గిరిప్రదక్షిణ మొక్కింది. 32 కిలోమీటర్లు. అప్పన్నస్వామి మీద భారం వెయ్యడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, భుజానికి నొప్పి వస్తే కాళ్ళకి శిక్ష ఎందుకో అర్థం కాలేదు.

విషయం సరిగ్గా చెప్పింది ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్కతే. చెయ్యి పక్క నుంచి పైకి లేపితే దాదాపు 60 డిగ్రీల దాకా ఏమీ అనదు. అక్కడి నుంచి 120 దాకా ప్రాణం తీస్తుంది. అది దాటితే మళ్ళీ హాయి. ఆ మధ్యలో పై ఎముక కింద కండరం నలుగుతుందట. దించేటప్పుడూ అదే దారి, అదే నొప్పి. "అలాగని కదపకుండా ఉంచేస్తే బిగుసుకుపోద్దండీ" అని, గోడ మీద వేళ్ళు బల్లిలా పాకించమంది.

ఆ 60కీ 120కీ మధ్యనే నా కొంప మునిగింది.

కార్తీకం రెండ్రోజుల్లో పడుతుందనగా, ఇంక నెల్లాళ్ళు నీచు ముట్టం కదా అని, నేనూ మా బావమరిదీ తెల్లారుజామున ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాం. ఒక కేజీ వంజరం కొనుక్కుని వచ్చేద్దామని. బోట్లు అప్పుడే వచ్చాయి. నేలంతా నీళ్ళు, ఐసు, అరుపులు. మావాడు జనంలో తప్పిపోయాడు. కనబడాలి కదా అని పళ్ళబిగువున 120 దాటించి చెయ్యి నిటారుగా పైకెత్తాను.

నా ముందు కానాగంతల ట్రే వేలం జరుగుతోంది. "1,800!" అన్నాడు పాట పాడించేవాడు, నా వంక చూసి. కాదు బాబూ అని చెయ్యి దించబోయాను. 120 దగ్గర కళ్ళల్లో నీళ్ళు తిరిగి మళ్ళీ పైకి లేపేశాను. "1,900!" నా పక్కన బుట్ట పెట్టుకున్న ఆవిడ 2,000 అంది. నేను రెండోసారి దించబోయాను. మళ్ళీ అక్కడే పట్టేసింది, మళ్ళీ పైకి. "2,100!" ఆవిడ నన్ను తేరిపార చూసి, "కార్తీకం ముందు ఈ రేటేటి, ఎవలు తింటారనీ" అని పాట వదిలేసింది. అప్పుడైనా ఆగిందా? ఎడం చేత్తో పట్టుకుని కుడిచేతిని దించుదామని ఎడంచెయ్యి కూడా ఎత్తాను. 2,200. నా మీద నేనే పాడుకున్నాను.

ఇంతలో మా బావమరిది జనాన్ని తోసుకుంటూ వచ్చి, "బావా, ఇక్కడెవడో పిచ్చోడు కానాగంతల రేటు పెంచేత్తన్నాడంట" అన్నాడు.

ట్రేకి ఇరవై కేజీలైనా ఉంటాయి. ఫోన్లో డబ్బు కొట్టడానికి కూడా మావాడి సాయమే కావాల్సి వచ్చింది. ట్రే అతనే స్కూటీ మీద పెట్టాడు, అతనే దింపాడు. మా ఆవిడ ఆ ట్రేని చూసి, నన్ను చూసి, పంచాంగం చూసింది. సాయంత్రం దాకా వీధిలో కవర్లు పంచుతూనే ఉన్నాం. పక్కింటాయన రెండు కవర్లు తీసుకుని, "కట్టు కట్టించుకోకుండానే ఇంత బరువు మోశారా!" అని ముక్కున వేలేసుకున్నాడు. మిగిలినవి ఎవరికివ్వాలో తోచక సూపర్‌వైజరుగారికి కూడా పంపాం.

మర్నాడు ఆయన చాలా ఆప్యాయంగా పలకరించాడు. "చేపలు బాగున్నాయోయ్. హార్బరు నుంచి ట్రే మోసుకొచ్చావంటగా? పోన్లే, సెట్టయిపోయింది. బయట లారీ ఆగింది, ఓ చెయ్యెయ్."