నా పనస గిన్నెని గరాటు చేసిన కోరింగ్ కత్తి గారికి

ఒక్క చెక్కలో గిన్నె లోపల గిన్నె తొలుచు మహారాజశ్రీ కోరింగ్ కత్తి గారి దివ్య సముఖమునకు, పర్లాకిమిడి వాస్తవ్యుడు అనేక నమస్కారములు చేసి వ్రాయునది. ఇచ్చట అందరమూ క్షేమము. పెద్ద గిన్నెకు మాత్రము అడుగు లేదు.

గ్రాంథికం ఇంతటితో ఆపేస్తాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఇలా రాస్తే బాగుండదు. పైగా తిట్టడానికి వాడుక భాషలో ఉన్న సుఖం ఇంకెక్కడా లేదు.

మీరు మా ఇంటికి రావడమే ఒక పురాణం. కొరియర్ వాళ్లు అడ్రసులో పర్లాకిమిడి చూసి ఆంధ్ర అనుకున్నారు, దాని ఒడియా పేరు పరలాఖెముండి చూసి ఒడిశా అనుకున్నారు. మిమ్మల్ని ఆంధ్ర వైపు పాతపట్నం దాకా తెచ్చి, మళ్లీ వెనక్కి తీసుకెళ్లి, నాలుగో వారానికి ఇచ్చారు. పాతపట్నం నుంచి మా వీధికి సైకిల్ మీద రావచ్చు. మీ ఖరీదు నా నెల జీతం అని ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం ఎవరైనా చదివి వినిపిస్తే ఆ సంగతి కూడా బయటపడుతుంది. పడనీ.

మిమ్మల్ని నమ్మింది మీ మాట విని. గిన్నెని మామూలు ఉలితో తొలిస్తే లోపలి చెక్కంతా పొట్టయి చీపురు కిందకి పోతుంది. మీరైతే చంద్రవంకలా లోపలికి దూరి, పావు అంగుళం చెక్క మాత్రం తిని, మిగతాది గిన్నెలో గిన్నెగా చేతిలో పెడతారట. ఒక్క చెక్కలో మూడు గిన్నెలు! వీడియోలో ఆ తెల్లాయన పన్నెండు నిమిషాల్లో తీసేశాడు. మధ్యలో నవ్వాడు కూడా. చొక్కా మీద ఒక్క పొట్టు రేకు లేదు.

నేను వాడింది ఏ చెక్కో తెలుసా? మా అమ్మమ్మ పెరట్లో పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పక్కకి ఒరిగింది కానీ పడలేదు. ఒరిగే కాసింది. ఈ ఏడు ప్రహరీ కడుతూ కొట్టించాల్సి వచ్చింది. బొబ్బిలి వీణల వాళ్లకి ఇచ్చినా సరస్వతీదేవి ఒళ్లో కూర్చునేది. దాన్ని తెచ్చి మీ చేతిలో పెట్టాను.

చిన్న గిన్నె వచ్చింది, ఒప్పుకుంటాను. ముందు చిన్నది, తర్వాత పెద్ద వంపు కత్తితో మధ్యది తియ్యాలి. అప్పుడు మిగిలిన పై డొక్కే పెద్ద గిన్నె, 14 అంగుళాలది. బరంపురంలో మా అక్క గృహప్రవేశానికి మాటిచ్చింది ఆ పెద్దదే. చిన్నవి రెండూ దానికి తోడుపెళ్లికూతుళ్లు.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెట్టాం. తరిమెన, అంటే చెక్కని గిరగిరా తిప్పే మిషన్, నిమిషానికి 500 చుట్లు. అరంగుళం లోపలికి వెళ్లగానే మీరు బిగుసుకున్నారు. పచ్చి పనస కదా, పొట్టు పీచులా అల్లుకుని గాడిలోంచి బయటికి రాదు. వెనక్కి లాగు, దులుపు, మళ్లీ తోయి. మళ్లీ లాగు. మూడున్నరకి వోల్టేజీ పడిపోయింది, బెల్టు జారింది, మోటారు మూలిగింది. అది మీ తప్పు కాదు, పోనీ. వరండా నిండా, మంచం మీద, నీళ్ల బిందెలో, ఎక్కడ చూసినా పనసపొట్టే. ఆవపెట్టి వండుకోవడానికి పనికిరాని పనసపొట్టు.

పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే పక్కింటి పెద్దాయన గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. మా ఊరు పేరు పడిందే ఆ కొమ్ము పనికి. "కొమ్ముకి డొల్ల దేవుడే పెట్టి పంపాడు బాబూ. నువ్వేటి ఇలా కష్టపడతన్నావు?" అని వెళ్లిపోయాడు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర భరిణెలు ఉలితోనే తొలుస్తారు, వాళ్లెవరూ వరండాలో నిలబడి ఏడ్చినట్టు వినలేదు.

నాలుగున్నర దాటాక చప్పుడు మారింది. గరగర కాస్తా బొంగురుగా అయింది. అంటే నడిమికి వచ్చేశామన్నమాట, ఇంకో వేలెడు కోస్తే చిన్న పుల్ల మిగులుతుంది, తడితే విరుగుతుంది. మిషన్ ఆపి తట్టాను. ఠప్పుమంది. ఆ ఒక్క క్షణం నేనూ నవ్వాను, వీడియో వాడిలాగే.

మధ్య గిన్నె చేతిలోకి వచ్చింది. దాని అడుగున పిడికిలంత బొడిపె వేలాడుతోంది. ఆ బొడిపె ఎక్కణ్ణించి వచ్చిందా అని పెద్ద గిన్నెలోకి తొంగి చూస్తే చెక్కని పట్టుకునే చక్ లోపలి మరలు కనిపించాయి. నిగనిగలాడుతూ. గిన్నెలోంచి మరలు కనిపించకూడదు కదండీ?

మా అమ్మ వచ్చి దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పెట్టింది. "ఏటిరా ఇది, గరాటా?" అంది. తర్వాత నిజంగానే ఆలోచించి, "ఇంత గరాటు ఏ డ్రమ్ములోకి రా?" అంది.

అది మీరు... అది నువ్వు చేసిన పని. నువ్వే. కొడవలికి చుట్టరికం చెప్పుకునే మొహం, నీకు గారు ఒకటి! అంగుళం మందం అడుగు వదలమని చెప్పాను కదా. పుల్ల పెట్టి కొలిచాను కదా, పెన్సిలు గీత గీశాను కదా. సగం దూరం దాకా బుద్ధిమంతుడిలా వచ్చి, చివరి రెండంగుళాల్లో, నాకు లోపల ఏమీ కనపడని చోట, నీ ఇష్టం వచ్చిన దారి పట్టావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు, పాతపట్నం అటు పడేలా గీత గీశారు. వంకరగానే గీశారు. అయినా రెండు పక్కలా నేల మిగిలింది! ఎవరి కాలి కింద అడుగూ ఊడిపోలేదు!

సరే. చక్ పట్టుకోవడానికి అడుగున వదిలిన పీట అర అంగుళం ఉంటుంది. అది చివర్లో చెక్కేసేది, గిన్నె లెక్కలోకి రాదు. కొలిచేటప్పుడు నేను దాన్ని కూడా కలిపేశాను. ఆ మాట రాత్రి పదకొండింటికి మంచం మీద తట్టింది. నీకు ముందే తెలిసి ఉంటుంది. ఇనుముకి నోరుండదు అంటావు. రెండు గంటలకి పైగా వీధంతా వినిపించేలా అరిచింది ఎవరు మరి?

అక్క నిన్న ఫోన్ చేసింది. "ఏరా, గిన్నెలు ఎందాకా వచ్చాయి?" రెండు అయ్యాయన్నాను. అబద్ధం కాదు. రెండిటికీ చివర్లకి మైనం పూసి గోనెసంచిలో పెట్టాను. ఆరేసరికి ఆరు నెలలు పడుతుంది, ఆరాక కోడిగుడ్డులా వంకరపోతాయి, మళ్లీ తరిమెన పట్టాలి. గృహప్రవేశం వచ్చే నెల అన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా లేదు, చూశావా? దానికి ఎవరిని తిట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

ఒక్క మాట. ఆ మధ్య గిన్నె లోపలివైపు ఇవాళ పొద్దున ఎండలో చూశాను. పసుపు ముద్దలా ఉంది. నువ్వు కోసిన గీతలు గవ్వ మీద చారల్లా ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా చిరుగు లేకుండా ఉన్నాయి. ఉలితో నాకు అలా రాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దుంగని నడిమికి నిలువునా చీల్చాం కాబట్టి రెండో చెక్క అలాగే ఉంది, తడిగోనె కింద. అదీ పగుళ్లు పట్టేలోపు పని కావాలి. నిన్ను ఆకురాయి మీద పట్టి, నూనె రాసి, మేకుకి తగిలించాను. పుల్ల మీద పాత గీత చెరిపేసి అర అంగుళం పైన కొత్తది గీశాను. రేపు పొద్దున ఏడింటికి, కరెంటు ఉంటే.

ఇట్లు,
గరాటుల తయారీదారు,
పర్లాకిమిడి