పక్కవాడి పడవే పెట్టుబడి

2020లో ప్రపంచవ్యాప్తంగా విదేశీ పర్యాటకుల రాక అంతకుముందు ఏడాదితో పోలిస్తే 70 శాతానికి పైగా పడిపోయింది. ఆ కథ అందరికీ తెలిసిందే. పర్యాటకుల మీద బతికే చిన్న వ్యాపారుల్లో అప్పుడు నిలబడ్డవాళ్లకూ మూసేసినవాళ్లకూ తేడా ఏమిటంటే బ్యాంకులు పెట్టుబడి అంటాయి, సలహాదారులు డిజిటల్ అంటారు. రెండూ సగం మాటలే. కష్టకాలంలో చిన్న వ్యాపారికి అన్నిటికన్నా ముందు కావాల్సింది, తప్పు చేసినా కొంప మునగని వీలు. అది ఇచ్చేది ఇరుగుపొరుగు.

పది గదుల లాడ్జి అనుకోండి. గదులన్నీ ఖాళీ. దూరపు అతిథులు రావట్లేదు కాబట్టి చుట్టుపక్కల వాళ్లకోసం పూటపాటి పడవ షికారు పెడదామన్నది ఆలోచన. సొంతంగా దిగితే పడవ, లైఫ్ జాకెట్లు, సరంగు జీతం, బీమా అన్నీ నెత్తిన పడతాయి. అనుమతులున్న పడవ రేవులో ఊరికే ఉండి, దాని యజమాని తెలిసినవాడైతే? రెండు శని, ఆదివారాలు ట్రిప్పుకు ఆరుగురితో నడిపి చూడొచ్చు. జనం వస్తే వాటాలు, రాకపోతే డీజిల్ ఖర్చు చెరిసగం. లాయరు ఒప్పందం రాసేలోపు ఆలోచన పనికొస్తుందో లేదో తేలిపోతుంది.

ఇటలీలోని ఫ్రియులీ ప్రాంతాన్ని 1976లో భూకంపం కుదిపేసింది. అక్కడ ఖాళీ పడ్డ ఇళ్లను బాగుచేసి అతిథులకిద్దామన్న ఆలోచనలోంచే ‘అల్బెర్గో డిఫ్యూజో’ పుట్టింది. ఊరంతా పరుచుకున్న హోటల్ అన్నమాట: రిసెప్షన్ ఒకచోట, గదులు వీధికొకటి. కొత్తగా ఒక్క గోడా లేపక్కర్లేదు. కాకపోతే ఇంటి తాళంచెవి ఇచ్చేవాడికి రిసెప్షన్‌లో కూర్చున్నవాడి మీద గురి ఉండాలి.

ఎప్పుడూ కలిసే నలుగురి మధ్య కొత్త ఆలోచనేం పుడుతుందని కొందరి ఆక్షేపణ. నిజమే. కొత్త కబురు తరచూ ఆప్తుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే అందుతుందని సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చెప్పాడు. అందుకే లాండ్రీ వ్యాను డ్రైవరుతో రెండు మాటలు కలపాలి. ఏ లాడ్జిలో గదులు నిండుతున్నా దుప్పట్లు తక్కువ పడుతున్నాయో, అంటే రోజుల తరబడి ఉండే అతిథులు ఎక్కడ దిగుతున్నారో అందరికన్నా ముందు తెలిసేది అతనికే.

నమ్మకం ఉందని కాగితం వద్దనుకోకూడదు, ఒక్క పేజీ చాలు. ట్రిప్పు రద్దయితే వాపసు ఎవరివ్వాలి? అడ్వాన్సు తీసుకున్నవాడే. ఒకే పడవకు రెండు బుకింగులు పడితే? యజమాని సరే అన్నదే ఖాయం. అతిథికి దెబ్బ తగిలితే? ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. చేపల వేటకు తీసుకున్న పాలసీ డబ్బు తీసుకుని తిప్పే షికారుకు సాధారణంగా వర్తించదు. మొదటి ట్రిప్పుకు ముందే పాలసీ చదివించుకోవాలి. ఇక లెక్కలు వారం దాటకూడదు. నెలాఖరుకు తోస్తే డీజిల్ ఎవరు పోయించారో ఇద్దరికీ గుర్తుండదు, కానీ ఎవరికి వారే పోయించామనుకుంటారు.

ఈ పొత్తులను తెగ్గొట్టేది కష్టకాలం కాదు, బుకింగ్ సైట్లు. పక్క లాడ్జిని మీ పైనో కిందో ర్యాంకు కట్టి చూపించి, మాట కలపాల్సినవాడిని పోటీదారును చేశాయి. ఒక్కో బుకింగు మీద 15 శాతమో ఇంకా ఎక్కువో కమీషన్ ఊరు దాటిపోతుంది. అతిథి మళ్లీ రావాలనుకున్నా ముందు తెరిచేది ఆ సైటునే. పర్యాటక శాఖలేమో ‘డిజిటల్ శిక్షణ’ పేరుతో అందులో చేరడమెలాగో నేర్పుతూ కూర్చుంటాయి! పడవవాళ్లనీ లాడ్జీలవాళ్లనీ గైడ్లనీ ఓ మధ్యాహ్నం ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి అంతకంటే తక్కువే ఖర్చవుతుంది.

మంచిరోజులు రాగానే పొత్తు నుంచి మొదట జారుకునేది లాడ్జివాడే. గదులు నిండాక పడవవాడు పంపిన అతిథి బరువనిపిస్తాడు. కాబట్టి ఆ ఒక్క పేజీలో ఇంకో వాక్యం కూడా చేర్చుకోవాలి: సీజన్ ఎంత రద్దీగా ఉన్నా పదింట్లో రెండు గదులు, ముందురోజు మధ్యాహ్నం దాకా, పొత్తులో ఉన్నవాళ్లు పంపే అతిథులకే.